పెద్దల చిటికె

తుపాకి తంతుందని అందరికీ తెలుసు. ఎంత తంతుందో తన్నించుకున్నవాణ్ణి అడగాలి. నా కుడి భుజానికి ఏమయిందని ఎవరడిగినా ఇన్నాళ్లూ "లారీ మీంచి పడ్డాను" అని చెప్పుకుంటూ వచ్చాను. సాలూరులో లారీ డ్రైవరు లారీ మీంచి పడ్డానంటే ఇంకెవరూ రెండో మాట అడగరు. ఇప్పుడు నొప్పి తగ్గింది, నా మీద నాకున్న కోపం కూడా కొంత తగ్గింది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఎముక విరిగి, చెయ్యి బిగుసుకుపోయి, ఇక నా బతుకింతే అనుకుని గోడవైపు తిరిగి పడుకున్నవాళ్లు ఎక్కడైనా ఉంటారు. వాళ్లలో ఒక్కరు లేచి కూర్చున్నా చాలు.

మా అమ్మ నేను పాకే వయసులో పోయింది. అమ్మమ్మ పెంచింది. సాలూరుకి పైన, కొండ కింద ఊరు మాది. మేనమామ కూతురు పైడమ్మనే చేసుకున్నాను కాబట్టి పెరిగిన ఇల్లే అత్తారిల్లు కూడా అయింది. కొత్తల్లో ఒకసారి, అల్లుణ్ణి కదా కొంచెం మర్యాద చెయ్యండని నవ్వులాటకి అంటే అమ్మమ్మ చూసిన చూపు నాకింకా గుర్తే. "నీ ముక్కు తుడిసిన సేత్తోనే మర్యాద కూడా సెయ్యాలేటిరా?" అంది.

ఆ ఇంట్లో ఒక తుపాకి ఉండేది. తాతనాటిది. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డపీలిక కుక్కి, సీసం గుళ్లు వేసి, మళ్లీ గుడ్డ కుక్కి, ఇనుప కడ్డీతో దట్టించి కాల్చేది. గంటి అనే సజ్జ చేల మీదా వేరుశనగ మీదా పడే అడవిపందుల కోసం దానికి లైసెన్సు. పెళ్లయిన ఏడు దసరాకి మొదటిసారి నా చేతికిచ్చారు. భయంతో దాన్ని భుజానికి ఎడంగా పట్టుకున్నాను. అది నా దవడ మీదా భుజం మీదా ఒకేసారి తన్నింది. మూడు రోజులు అంబలి తప్ప ఏమీ నమల్లేకపోయాను.

మావ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని అప్పుడు చెప్పాడు: "సంకలో పసి గుంటని ఎత్తుకున్నట్టు అదిమి పట్టుకోవాల. ఎడం ఇచ్చినావంటే తన్నేస్తాది."

అలాగే పట్టుకోవడం నేర్చుకున్నాను. చెప్పకూడదు గానీ, ఆ తన్ను నాకు ఇష్టమయింది కూడా. కొండదారి ఘాటీలో లోడు బండి మొదటి గేరులో పట్టు దొరికి ఒక్క కుదుపుతో పైకి లేస్తుంది చూడండి, అలా ఉండేది. ఒళ్లంతా ఒకసారి సర్దుకున్నట్టు అనిపించేది. దసరా వస్తోందంటే ముందు నుంచే నా భుజం దాని కోసం చూసేది.

దసరా నాడు మా ఇంట్లో ఒక ఆనవాయితీ. నాగలికీ కొడవళ్లకీ తుపాకికీ పసుపూ బొట్టూ పెట్టాక, మధ్యాహ్నం భోజనాలకి ముందు కొండవైపు గట్టుకి గురిపెట్టి ఒకసారి కాలుస్తారు. కాల్చేది అల్లుడు. కానీ ఆ మందు ఒక్కరు పొయ్యకూడదు. మావ అడుగున కొంచెం పోసి ఆపుతాడు. మిగతాది ఇంటి పెద్దలు తలొక చిటికె వెయ్యాలి. గుడ్డ కుక్కాక తలో రెండు గుళ్లు వెయ్యాలి. పెద్దల చిటికె అంటారు దాన్ని. అక్షింతలు వేసినట్టే. పెద్దల చెయ్యి పడిన మోతకి పంట మీదికి పంది రాదని నమ్మకం. మా ఇంట్లో పెద్దలు ముగ్గురే: మావ, అత్త, అమ్మమ్మ. దట్టించాక కడ్డీ గొట్టంలోంచి నాలుగు వేళ్లు బయటికి ఉంటే మందు సరిపోయినట్టు లెక్క.

పందొమ్మిది వందల అరవై ఏడులో దసరాకి పెద్దలు ఏడుగురయ్యారు.

మావకి ఒక తమ్ముడున్నాడు. చిన మావ అంటాను. చేను గట్టు దగ్గర మాటా మాటా వచ్చి ఎనిమిదేళ్లు అన్నదమ్ములకి పలకరింపు లేదు. ఆ ఏడు ఎలాగో మనసులు కలిశాయి. చిన మావ భార్యనీ, అత్తమామల్నీ వెంటబెట్టుకుని పండక్కి వచ్చాడు. వాకిట్లో అడుగు పెట్టగానే అన్న కాళ్లు పట్టుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. వాళ్లని చూసి మేమందరం ఏడ్చాం. అలాంటి రోజున తుపాకి దగ్గరికొచ్చేసరికి, మీరు చిటికె వెయ్యొద్దు అని ఆ నలుగురిలో ఎవరితో అనగలం? మావ అడుగు మందు ఎప్పటిలాగే పోసేశాడు. దాని మీద ముందు చిన మావ వేశాడు. తర్వాత ఆయన భార్య, ఆవిడ అమ్మా నాన్నా, మావ, అత్త. ఆఖర్న అమ్మమ్మ వచ్చింది. ఆవిడ చిటికెతో సరిపెట్టలేదు. గుప్పెడు తీసింది.

"ఎనిమిదేళ్లకి నా ఇల్లు ఒకటయినాది. ఇయ్యేల మోత కొండకి ఇనబడాల!" అని గుప్పెడూ గొట్టంలో పోసేసింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత గుడ్డ కుక్కారు, ఏడుగురూ గుళ్లు వేశారు, మళ్లీ గుడ్డ. కడ్డీ పెట్టి దట్టించింది నేనే. కడ్డీ నాలుగు వేళ్లు కాదు, జానెడు బయటికి ఉంది. నేను చూశాను. అది ఎంత మందో నాకు తెలుసు. పదేళ్లుగా బండిలో ఎంత లోడు పడుతుందో కంటితో చెప్పేవాణ్ణి, తుపాకిలో ఎంత పడుతుందో తెలీదా? మందు తీసి మళ్లీ పోద్దామని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే ఎవరి చిటికె తీసినట్టు? ఎవరికి కష్టం? అందరూ నా వైపే చూస్తున్నారు. నోరు మూసుకుని కడ్డీ లాగేసి తుపాకి భుజానికెత్తాను.

మోత నాకు వినబడలేదు. భుజం దగ్గర ఎవరో గునపంతో పొడిచినట్టు ఒక్కటి తగిలింది. తర్వాత చూస్తే ఆకాశం కనిపిస్తోంది. వెల్లకిలా పడి ఉన్నాను. ముక్కుకి మందు వాసన, పసుపు వాసన. అందరి నోళ్లూ ఆడుతున్నాయి గానీ మాటలు లేవు, కుడి చెవిలో ఒకటే ఈల. లేవబోతే కుడి చెయ్యి నాతో రాలేదు. పైడమ్మ నా తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. ఆవిడ కన్నీళ్లు నా నుదుటి మీద పడుతుంటే, ఇదేమిటి వాన మొదలయిందా అనుకున్నాను.

దసరా తర్వాత

మెడకీ భుజానికీ మధ్య ఉండే ఎముక విరిగింది. పార్వతీపురం వైపు నుంచి కట్లు కట్టే పెద్దాయన్ని తీసుకొచ్చారు. మినప్పిండీ గుడ్డుసొనా పూసి, వెదురుబద్దలు పెట్టి, చెయ్యి మొత్తం ఛాతీకి కలిపి కట్టేశాడు. "ఇరవై ఒక్క రోజులు. ఆపైన ఒక్క రోజు ఉంచకు బాబూ, సెయ్యి కర్రయిపోతాది" అని గట్టిగా చెప్పి వెళ్లాడు.

నేను విప్పనివ్వలేదు. తప్పు ఆయనది కాదు, నాది. ఎవరైనా కట్టు మీద చెయ్యి వేస్తే చాలు, ఆ తన్ను మళ్లీ తగులుతున్నట్టు ఒళ్లు జలదరించేది. లోడు లారీతో కొండలెక్కి దిగేవాణ్ణి, గుడ్డముక్క విప్పడానికి వణికిపోయాను. ఇరవై ఒకటి కాస్తా నలభై దాటింది. ఇంట్లోవాళ్ల మీద అరిచేవాణ్ణి. గిన్నె చప్పుడయితే అరుపు, తలుపు గట్టిగా వేస్తే అరుపు. అందరూ పిల్లుల్లా నడిచేవారు. చిన మావ రోజూ పొద్దున్నే నాలుగు కోడిగుడ్లు పట్టుకొచ్చి గుమ్మం దగ్గర పెట్టి, నా మొహం చూడకుండా వెళ్లిపోయేవాడు. ఎవరికి వాళ్లు తన చిటికే ఎక్కువయిందని కుమిలిపోతున్నారు. నాకు తెలుసు. అయినా కడ్డీ సంగతి చెప్పలేదు.

చెప్పకపోగా ఇంకో పని చేశాను. దీపావళి మర్నాడు అమ్మమ్మ నా పక్కన కూర్చుని వీపు రాస్తోంది. చెయ్యి కొంచెం కట్టుకి తగిలింది. అంతే, నా నోట్లోంచి వచ్చేసింది.

"నువ్వు గుప్పెడెయ్యకపోతే నాకీ గతి పట్టునేటి?"

అమ్మమ్మ చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుని దాన్నే చూసుకుంది. తర్వాత లేచి వెళ్లిపోయింది. నేను గోడవైపు తిరిగాను. ఆ మాట నా జన్మలో నేనన్న మాటలన్నిటిలోకీ పాపిష్టిది.

కార్తీకం

మా లారీ షావుకారు మంచివాడు. విజయనగరం వెళ్లే బండిలో నన్నూ పైడమ్మనీ ముందు సీట్లో కూర్చోబెట్టి ఆసుపత్రికి పంపించాడు. నేను తోలే బండే అది, వేరేవాడు తోలుతున్నాడు. గేరు మార్చినప్పుడల్లా నా ఎడం కాలు దానంతటదే క్లచ్చి కోసం వెతుక్కుంది. పైడమ్మ చూసి నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

ఆసుపత్రిలో మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చున్నాం. ఎవరి పేరు పిలుస్తున్నారో నాకు సరిగా వినబడదు. పక్కన సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన చేపలమ్మే ఆవిడ కూర్చుంది, మోకాలికి కట్టుతో. నాతో రెండుసార్లు మాట్లాడి, పలక్కపోయేసరికి సంగతి కనిపెట్టి, ఆ కుంటి కాలితోనే లేచి చుట్టూ తిరిగొచ్చి నా ఎడంపక్క కూర్చుంది.

"ఈ సెవి పని సేస్తాదా, బాబూ?"

"సేస్తాది."

"అయితే ఇను. సెయ్యి బరువంతా ఆ కట్టు మీదే ఏస్తే లాగేస్తాది" అని తన బుట్టలోంచి తలచుట్ట గుడ్డ తీసి, మడిచి, నా మోచేతి కింద పెట్టింది. చేపల వాసన కొట్టే గుడ్డ. అంత సుఖం నాకు ఆ నెలన్నరలో దొరకలేదు. ఆవిడ పేరు పిలిస్తే వెళ్లిపోయింది, గుడ్డ ఉంచుకోమని సైగ చేసి. ఆవిడ ఊరేదో కూడా నేను అడగలేదు.

డాక్టరు కుర్రాడే. కట్టు విప్పాడు. నేను కళ్లు మూసుకున్నాను. ఎముక అతికింది అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. చెయ్యెత్తమన్నాడు. ఎత్తాననే అనుకున్నాను. కళ్లు తెరిచి చూస్తే చెయ్యి తొడ మీదే ఉంది. భుజమూ మోచెయ్యీ రెండూ పట్టేశాయి.

"ఇన్నాళ్లు కట్టేసి ఉంచుకోమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. భయపడ్డాను."

అతను నా మొహం చూశాడు. గోడ ముందు నిలబడి, వేళ్లని గోడ మీద పైకి పాకించమని చూపించాడు. రోజుకి మూడుసార్లు, ఏడుపొచ్చినా ఆపకుండా.

"లారీ తోలగలనా బాబూ?" అనడిగాను. నా గొంతు నాకే చిన్నపిల్లాడి గొంతులా వినబడింది.

"ముందు నీ చేత్తో నువ్వు అన్నం తిను. అది చేస్తే లారీ గురించి మాట్లాడదాం."

ఇంటికొచ్చి పైడమ్మ ఈ మాట అందరికీ చెప్పింది. ఆ పూట అమ్మమ్మ కంచం ముందు కూర్చుని చెయ్యి కడుక్కోలేదు. ఏమిటని అడిగితే నిదానంగా చెప్పింది.

"ముకలింగానికి మొక్కుకున్నాను. ఈడి సెయ్యి ఈడి నోటికి ఎల్లిందాకా నా సెయ్యి నా నోటికి ఎల్లదు. గుప్పెడేసిన సెయ్యి కదా, ఉండనీ."

మేం బతిమాలాం. మావ కోప్పడ్డాడు. శ్రీముఖలింగం పేరు పెట్టి మొక్కుకున్నాక ఆ ముసలిదాన్ని కదిలించేవాడు ఎవడు? ఆ రోజు నుంచి పైడమ్మకి ఇద్దరు చంటిపిల్లలు. ఒక ముద్ద నాకు, ఒక ముద్ద అమ్మమ్మకి. ఉప్పెక్కువయిందని ఇద్దరం ఒకేసారి మొహం చిట్లిస్తే పైడమ్మ కంచం కింద పెట్టేసేది.

"ముసల్దానికి మొక్కంట, మొగుడికి నొప్పంట. నాకేటున్నాది? నాకూ ఒక మొక్కుంటే నాను కూడా కూకుంటాను, ఎవులు పెడతారో సూస్తాను!"

అలా అని మళ్లీ తనే కలిపి పెట్టేది. కోపంలో పెట్టిన ముద్ద ఎప్పుడూ కొంచెం పెద్దగా ఉండేది.

పుష్యం

గోడ సంగతి చెప్పాలి. పెరటి గోడ. మొదటి రోజు నా వేళ్లు బొడ్డు దాటి పైకి పోలేదు. నొప్పికి కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. అమ్మమ్మ అక్కడే పీట వేసుకుని కూర్చుని, వేళ్లు ఆగిన చోట బొగ్గుతో గీత పెట్టింది. రెండు రోజులు చేసి మానేశాను. నొప్పని కాదు. ఆ గీతలు చూస్తే సిగ్గేసింది. షావుకారు వచ్చి "ఉగాది దాకా నీ సీటు నీదే సిమ్మాచలం, ఆపైన నేను ఆగలేను" అని చెప్పి వెళ్లాడు. అది కూడా నన్ను లేపలేదు.

లేపింది వేరే. ఒక రోజు పైడమ్మా అత్తా కంది చేలోకి వెళ్లి పొద్దు వాలే దాకా రాలేదు. నాకు ఆకలేసి ఎడం చేత్తో, గరిటెతో తినేశాను. అమ్మమ్మ తినలేదు. నాకు మనసాగక ఎడం చేత్తోనే ముద్ద కలిపి ఆవిడ నోటి దగ్గర పెట్టాను. నోరు బిగించేసింది.

"ఎడం సేత్తో పెడతావేటిరా? నాను మనిసిని కాదేటి?"

నవ్వుతూనే అంది. కానీ దగ్గర నుంచి చూశాను, మెడ కింద ఎముకలు తేలిపోయాయి. ఒంటిపూట తిండికి వచ్చేసింది మనిషి. నేను చెయ్యెత్తడానికి ఎన్నాళ్లు తీసుకుంటే అన్నాళ్లూ ఆవిడ ఇలా కరిగిపోతూనే ఉంటుంది. నాకు భయం వేసింది. ఆ తుపాకి దెబ్బకి కూడా అంత భయపడలేదు. కంచం కింద పెట్టి, తిన్నగా పెరటి గోడ దగ్గరికి పోయి వేళ్లు ఆనించాను.

ఆ నెలంతా ఆ గోడకే నా అరుపులు. పైడమ్మ వేడినూనె రాసేది. చిన మావ వెనక నిలబడి నా మోచెయ్యి కింద తన చెయ్యి పెట్టేవాడు. ఎత్తడు, ఊరికే కింద ఉంచుతాడు, జారిపోతే పట్టుకోవడానికి. అలా ఆయన నా మొహం చూడ్డం మొదలుపెట్టాడు. బొగ్గు గీతలు బొడ్డు దాటాయి, ఛాతీ దాటాయి. ఒక్కోరోజు కిందికి కూడా వచ్చేవి. అలాంటి రోజున అమ్మమ్మ గీత పెట్టేది కాదు. "ఇయ్యేల నాకు కళ్లు సరిగ్గా ఆనలేదురా" అనేది.

మాఘం

లారీ సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే చదివేవాళ్లు దాని కోసమే చూస్తారు. ఉగాది వెళ్లాక సీట్లో కూర్చున్నాను. ఘాటీ కాదు, సాలూరు నుంచి విజయనగరం దాకా, చదును రోడ్డు. షావుకారు అదే చాలన్నాడు. మలుపుల్లో భుజం ఇప్పటికీ మూలుగుతుంది. కుడి చెవిలో ఈల పోలేదు, పోదట. తుపాకి మళ్లీ పట్టలేదు. అయితే నా చెయ్యి బాగయింది ఆ స్టీరింగు మీద కాదు.

మాఘంలో ఒక మధ్యాహ్నం పశువులశాలలో ఒక్కణ్ణే ఉన్నాను. జేబులో బెల్లం ముక్క. చూద్దామనుకుని కుడి చేత్తో తీశాను. మోచెయ్యి కిర్రుమంది, తల కొంచెం ముందుకి వంచాను. బెల్లం పెదవులకి తగిలింది. తీపి తెలియకముందే ఏడ్చేశాను.

పరిగెత్తి అందరికీ చెప్పాలి కదా? కాళ్లు రాలేదు. ఆ ముసలిది నా వల్ల మూడు నెలలుగా తన చేతిని శిక్షించుకుంటోంది. ఆ చెయ్యి ఏ తప్పూ చెయ్యలేదని నాకు తెలుసు. చెప్పకుండా ఏ మొహంతో ఎదురుగా కూర్చుని తినను?

వంటింట్లోకి వెళ్లి కంచంలో అన్నం, కందిపప్పు వేసుకున్నాను. కుడి చేత్తోనే కలిపాను. వేళ్లు వణికి సగం అన్నం కంచం బయట పడింది. పట్టుకెళ్లి అమ్మమ్మ ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ కలిపిన చెయ్యి చూసింది, నా మొహం చూసింది. 

"అమ్మమ్మా, నువ్వు ముందు నా మాట ఇను. ఆ రోజు కడ్డీ దట్టించినది నాను. జానెడు బైటికి ఉన్నాది. నాను సూసినాను. మందు ఎక్కువయినాదని తెలిసే కాల్సినాను. నీ గుప్పెడు వల్ల కాదు. నా నోరు మూసుకోవడం వల్ల. నీ మీద పెట్టేసినాను. నన్ను తిట్టు."

అమ్మమ్మ ముందుకి వంగి నా ఎడం చెవి దగ్గర నోరు పెట్టింది.

"జానెడు కడ్డీ నీకొక్కడికే కనబడినాదనుకున్నావేటిరా, ఎర్రి నాయినా? నాను సూసినాను. మీ మావ సూసినాడు. సిన్నోడు సూసినాడు. ఎనిమిదేళ్లకి కలిసిన ఇల్లు, ఎవుడికాడు నోరు మూసుకున్నాం. నీ భుజం మీద పెట్టి కాల్సేసినాం."

నేను ఏడుస్తున్నాను. సిగ్గు లేకుండా, చిన్నప్పుడు ఏడ్చినట్టే.

"మరి నాను నిన్ను అంత మాటన్నప్పుడు ఎందుకు సెప్పలేదే?"

"నొప్పిలో ఉన్నోడు ఒకల్ని తిట్టుకోవాల కదా. నన్ను తిడితే ఏటి పోనాది? మీ మావనో సిన్నోణ్ణో తిడితే మళ్లీ ఇల్లు రెండయిపోను."

చెయ్యి నోటి దాకా ఎత్తాను. వంకరగా, మెతుకులు గడ్డం మీద రాల్చుకుంటూ. తిన్నాను. మొక్కు తీరింది. అమ్మమ్మ చెయ్యి కడుక్కుని తన కంచం తెచ్చుకుంటుందని చూస్తున్నాను. ఆవిడ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుని, నోరు తెరిచింది.

"ఏటి సూస్తావు? పెట్టు. ఆ సేత్తోనే పెట్టు. సల్లారిపోతంది."